స్పోక్ చక్రానికి ట్యూబ్‌లెస్ టైరు, రెండు రోజులకోసారి గాలి: లీకు ఎక్కడుంది, ఎలా ఆపాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. వెనక చక్రం 17 అంగుళాలది. ట్యూబ్‌లెస్ స్పోక్ రిమ్ము, 36 చువ్వలు, నిపుళ్లు (చువ్వను రిమ్ముకు బిగించే చిన్న నట్లు) రిమ్ము మధ్యలోంచి లోపలికి వచ్చే రకం. మట్టి రోడ్ల మీద తిరిగాక లీకు మొదలైంది, 32 పీఎస్‌ఐ కొట్టిస్తే రెండు రోజుల్లో 24కి దిగుతోంది. పంక్చర్ షాపులో చూసి టైరుకు పంక్చర్ లేదన్నారు, సీలెంట్ (పంక్చరు మూయడానికి టైరు లోపల పోసే ద్రవం) పోసి పంపారు. వారం బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది. ఇంకో సీసా పోయాలా, ట్యూబు వేయాలా, రిమ్మే మార్చాలా?

మూడూ వద్దు, కనీసం ఇప్పుడే వద్దు. నిపుల్ దగ్గర గాలి పోతుంటే సీలు పాడైందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అసలు తప్పు చువ్వల బిగువుది. చువ్వ వదులైతే నిపుల్ కదులుతుంది. కదిలే నిపుల్ మీద ఏం పూసినా నిలవదు. కాబట్టి ముందు లీకు చోటు కనుక్కోవాలి, తర్వాత చువ్వలు సరిచేయాలి, ఆ తర్వాతే సీలు. ఈ వరస తప్పితే ఎంత ఖరీదైన టేపు వేసినా రెండు గతుకుల రోడ్లు దాటేసరికి మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.

ముందు సీలెంట్ సంగతి తేల్చేద్దాం. చక్రం తిరుగుతున్నప్పుడు లోపలి ద్రవమంతా బయటికి, అంటే నేలకు తగిలే ట్రెడ్ వైపుకు విసిరినట్టు పోయి అక్కడ పరుచుకుంటుంది. మేకు గుచ్చుకున్న పంక్చరుకు అది పనికొచ్చేది అందుకే. నిపుళ్లు, వాల్వు అడుగు, బీడ్ (టైరు రిమ్ములో బిగుసుకుని కూర్చునే అంచు) మాత్రం రిమ్ము వైపు ఉంటాయి. బండి నడుస్తున్నంతసేపూ ద్రవం వాటి దరిదాపులకు రాదు. బండి ఆపినప్పుడు కాస్త జారి, చక్రం పక్కలకు తడుస్తుంది, అంతే. మీకు వారం పనిచేసిందంటే షాపులో చక్రాన్ని అటూ ఇటూ దొర్లించినప్పుడు నాలుగు చుక్కలు నిపుల్ సందుల్లోకి పోయి పీచు అడ్డుపడి ఉంటుంది. నిపుల్ కదలగానే ఆ అడ్డు ఊడింది. పైగా లోపలంతా జిడ్డు మిగిలింది. ఇక మీదట ఏ టేపు అంటించాలన్నా ఆ జిడ్డు మొత్తం కడగాలి. సీలెంట్ వాల్వు లోపల గాలిని ఆపే పిన్నులో చేరితే పిన్ను సరిగా మూసుకోదు, అది ఇంకో లీకు.

మీ రిమ్ము ఏ రకం

స్పోక్ రిమ్ములన్నీ ఒకటి కావు. చువ్వ రిమ్మును ఎక్కడ పట్టుకుందో చూస్తే తెలిసిపోతుంది. మొదటి రకంలో చువ్వలు రిమ్ము రెండు అంచుల దగ్గర, బీడ్‌కు బయట తగులుకుంటాయి. 1980ల చివర్లో బీఎండబ్ల్యూ ఆర్ 100 జీఎస్‌తో పేరు తెచ్చుకున్న క్రాస్-స్పోక్ పద్ధతి ఇది. గాలి ఉండే గదికి వాల్వు కన్నం తప్ప మరో కన్నం ఉండదు. రెండో రకంలో రిమ్ము అడుగున నడుమ్మీద ఒక పలక నిలబడి ఉంటుంది, చువ్వలు దానికి తగిలిస్తారు. యమహా ఎక్స్‌టీ 1200 జెడ్ సూపర్ టెనెరేది ఈ తీరు. ఇక్కడా గాలి గదిలోకి చువ్వ రాదు. ఈ రెంటిలో ఎన్ని చువ్వలు వదులైనా, విరిగినా గాలి పోదు. పోతే వాల్వు, బీడ్, రిమ్ము పగులు, ఈ మూడే వెతకాలి.

మూడోది మీది. మామూలు ట్యూబు రిమ్ములాగే నిపుళ్లు రిమ్ము నడుమ లోతుగా ఉండే గాడిలోకి వస్తాయి. ఒక్కో నిపుల్‌కు ఓ-రింగు (గుండ్రటి రబ్బరు రింగు) ఉంటుంది, లేదా గాడి మొత్తం మీద రబ్బరు పట్టీయో టేపో ఉంటుంది. అంటే గాలి పోవడానికి 36 దారులున్నట్టు. ఒక్కో నిపుల్ దగ్గర మళ్లీ రెండు: నిపుల్‌కీ రిమ్ము కన్నానికీ మధ్య సందు ఒకటి, చువ్వ మరకీ నిపుల్ మరకీ మధ్య సందు రెండోది. ఓ-రింగు మొదటి దారినే మూస్తుంది. రెండోది మూయాలంటే నిపుల్ తల మొత్తం లోపలినుంచి కప్పాలి. ఓ-రింగులన్నీ కొత్తవి వేసినా గాలి పోతూనే ఉందని కొందరు తల పట్టుకోవడానికి కారణం ఇదే.

మామూలు ట్యూబు రిమ్మును బయట టేపు వేసి ట్యూబ్‌లెస్ చేయించినవాళ్లకు ఒక మాట. రిమ్ము మీద ఎంటీ అని ముద్ర ఉందా, డబ్ల్యూఎం అని ఉందా చూడండి. ఎంటీ రిమ్ములో బీడ్ కూర్చునే మెట్టుకు లోపలివైపు పొలం గట్టులా చిన్న ఎత్తు ఉంటుంది. గాలి తగ్గినా బీడ్ గాడిలోకి జారకుండా ఆపేది ఆ గట్టే. డబ్ల్యూఎం రిమ్ముకు అది ఉండదు. మలుపులో గాలి దిగితే బీడ్ ఒక్కసారిగా ఊడి టైరు రిమ్ము మీద నిలవదు. అలాంటి రిమ్మును ట్యూబ్‌లెస్ చేయొద్దు, ఎవరు ఎంత గట్టిగా హామీ ఇచ్చినా సరే. టైరు మీద కూడా ట్యూబ్‌లెస్ అని ఉండాలి.

అసలు ఎంత పోతోంది

గాలి పొద్దున్నే, బండి తీయకముందు, ఒకే గేజుతో చూడండి. ఉష్ణోగ్రత 15 డిగ్రీలు తగ్గితే 32 ఉన్న టైరులో రెండు పీఎస్‌ఐకి పైగా తగ్గినట్టు కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం బంకులో వేడి టైరుకు కొట్టించి, మర్నాడు తెల్లవారి చూసి లీకు అనుకుంటే అది లీకు కాదు. బాగున్న టైరు కూడా నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ వదులుతుంది.

మీ లెక్క వేరు. ఆ సైజు టైరులో సుమారు 18 లీటర్ల చోటుంటుంది. రెండు రోజుల్లో 8 పీఎస్‌ఐ అంటే దగ్గరదగ్గర 10 లీటర్ల గాలి బయటికి పోయినట్టు, నిమిషానికి మూడు మిల్లీలీటర్లకు పైమాట. మినపగింజంత బుడగలుగా లెక్కేస్తే నిమిషానికి యాభై దాకా. నీళ్లలో పెడితే కళ్లకు కనపడకుండా పోయే లీకు కాదిది. షాపులో కనపడలేదంటే ట్రెడ్ ఒక్కటే చూసి ఉంటారు, లేదా పది నిపుళ్ల నుంచి కొంచెం కొంచెంగా పోతూ ఉండాలి.

వెతకడం

చక్రం విప్పండి. గాలి 38–40 దాకా పెంచండి, టైరు మీద రాసిన గరిష్ఠం దాటకుండా. వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి చక్రాన్ని నిలువుగా పట్టుకుని, కింది 15–20 సెంటీమీటర్లు మాత్రమే మునిగేలా ఉంచి మెల్లగా తిప్పండి. చక్రం నడుమనున్న హబ్బు ముంచొద్దు, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. ప్రతి భాగాన్నీ ఒక నిమిషం కదపకుండా ఉంచాలి. చువ్వలకు అంటుకున్న గాలి బుడగలు మొదట్లో మోసం చేస్తాయి, చేత్తో తుడిచేసి మళ్లీ చూడండి. టబ్బు లేకపోతే లీటరు నీళ్లలో రెండు మూడు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి స్ప్రే సీసాతో కొట్టండి. చిన్న లీకు బుడగలా కాకుండా తెల్లటి నురగ ముద్దలా పేరుకుంటుంది, అయిదు నిమిషాలు ఆగితేనే కనపడుతుంది. బ్రేకు డిస్కు మీద సబ్బు పడనివ్వకండి.

ముందు వాల్వు పిన్ను. మూత తీసి ఉమ్మి రాస్తే చాలు, బుడగ లేస్తే పిన్ను మార్చాలి. తర్వాత వాల్వును నాలుగు వైపులా వంచి చూస్తూ అడుగున సబ్బు నీళ్లు పెట్టండి. నిటారుగా ఉన్నప్పుడు మూసుకుని వంచితే తెరుచుకునే పగుళ్లు రబ్బరు వాల్వుల్లో మామూలు. బంకుల్లో గాలి పైపును పక్కకు లాగి పట్టుకుంటారు కదా, దాని ఫలితమే. ఆ తర్వాత రెండు వైపులా బీడ్, ఆ తర్వాత నిపుళ్లు ఒక్కొక్కటీ, చివరికి రిమ్ము అతుకు. అతుకు సాధారణంగా వాల్వుకు ఎదురుగా ఉంటుంది. బుడగ వచ్చిన ప్రతిచోటా మార్కరుతో గీత పెట్టి, చువ్వ పక్కనుంచా, నిపుల్ చుట్టూనా అని రాసుకోండి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే విషయం ఒకటుంది. కొన్ని రిమ్ములు రెండు గోడలవి, మధ్యలో బోలు. లోపలి గోడలో ఏ నిపుల్ దగ్గర గాలి దూరినా ఆ బోలులో తిరిగి, ఎక్కడ సందు పెద్దగా ఉంటే అక్కడ బయటపడుతుంది. ఏడో నిపుల్ దగ్గర బుడగలు కనపడొచ్చు, తప్పు ఇరవయ్యో నిపుల్‌ది కావచ్చు. వాల్వు అడుగునుంచి వస్తున్నట్టు కనపడి వాల్వు మార్చినా ఆగకపోతే కారణం ఇదే. రెండు గోడల రిమ్ములో ఒక్క నిపుల్‌ను సరిచేయడం చీకట్లో రాయి విసరడమే, అన్నిటినీ ఒకేసారి చేయాలి. ఒకే గోడ రిమ్మయితే బుడగ ఉన్నచోటే లీకు.

వాల్వు, బీడ్: త్వరగా తేలేవి

పిన్ను బిగించడానికి చిన్న కీ, రెండు వేళ్ల బలం చాలు. గట్టిగా బిగిస్తే లోపలి చిన్న సీలు నలుగుతుంది. మూత లోపల రబ్బరున్నదే వాడండి, అది రెండో తలుపు. స్పోక్ రిమ్ములకు వాల్వు కన్నం ఎక్కువగా 8.3 మి.మీ. ఉంటుంది, కాస్ట్ అల్లాయ్ చక్రాలకు 11.3 మి.మీ. దగ్గర. పెద్ద కన్నం కోసం చేసిన రబ్బరు వాల్వును 8.3లో దూర్చడానికి ఎవరైనా కన్నం పెద్దది చేస్తామంటే వద్దనండి. 8.3కి నట్టు బిగించే లోహపు వాల్వులు దొరుకుతాయి. గాడి అడుగు గుండ్రంగా ఉంటే చదును వాషర్ అంచులు గాలిలో ఉంటాయి, అక్కడ లీకవుతుంది. ఆ వంపుకు తగ్గ రబ్బరు వాషరే వేయాలి. నట్టు చేత్తో బిగిశాక పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. రబ్బరు పక్కలకు పొంగుకొచ్చిందంటే ఎక్కువైనట్టు.

బీడ్ లీకుకు ముఖ్య కారణం మెట్టు మీద అల్యూమినియం తెల్లగా పొడిబారడం, పాత రబ్బరు పొర, ఇరుక్కున్న మట్టి. వాగులు, బురద దాటే బళ్లకు ఇది ఎక్కువ. బీడ్ వదిలించి, ఆకుపచ్చ స్క్రబ్బరుతో మెట్టు మెరిసేదాకా తోమి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గరుకు ఎమెరీ కాగితం వాడితే అడ్డగీతలు పడతాయి, అవే కొత్త లీకు దారులు. రిమ్ము అంచు గోతికి తగిలి సొట్ట పడి ఉంటే బీడ్ సీలరు పల్చగా పూస్తే చిన్న సొట్టకు సరిపోతుంది. వేలితో తడిమితే మెట్టు లోపలిదాకా వంగినట్టు తెలిస్తే పూతలతో కాదు.

చువ్వలు: అసలు పని ఇక్కడుంది

చక్రం తిరిగే ప్రతి చుట్టులో నేలకు ఆనిన వైపు చువ్వలు కాస్త వదులై మళ్లీ బిగుసుకుంటాయి. మీ టైరు సైజుకు కిలోమీటరుకు 480 చుట్లకు పైనే. బిగువు సరిగా ఉన్న చువ్వ ఎంత వదులైనా పూర్తిగా జారదు, నిపుల్ తల తన చోట ఒత్తుకునే ఉంటుంది. బిగువు చాలకపోతే ప్రతి చుట్టులో తల లేచి పడుతుంది. ఓ-రింగు అరగడం, సీలెంట్ పొర చిరగడం, టేపు కింద గాలి బుడగ పుట్టడం, అన్నీ ఆ లేచి పడడంలోంచే మొదలవుతాయి. మట్టి రోడ్ల మీద తిరిగాక లీకు మొదలైందని రాశారు. అదే ఆనవాలు.

చిన్న స్క్రూడ్రైవరుతో ఒక్కో చువ్వనూ తట్టండి. బిగువున్నది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా మోగుతుంది. ఒకే వైపు చువ్వలన్నీ దాదాపు ఒకే స్వరంలో ఉండాలి. వెనక చక్రంలో రెండు వైపుల స్వరం కొద్దిగా తేడాగా ఉండొచ్చు, అది తప్పు కాదు. తర్వాత వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్‌కు ఒక ప్లాస్టిక్ టై కట్టి, దాని కొసను రిమ్ముకు దగ్గరగా కత్తిరించి చక్రం తిప్పండి. పక్కలకూ, పైకి కిందికీ ఊగిసలాట ఎంతో చూడండి. చాలా సర్వీసు మాన్యువళ్లలో హద్దు 2 మి.మీ. ట్యూబ్‌లెస్ చక్రానికి ఒక మి.మీ. లోపు తెచ్చుకుంటే మేలు.

బెండు తీసేవాళ్ల (చువ్వలు తిప్పి చక్రం వంకర సరిచేసేవాళ్ల) దగ్గరకు తీసుకెళ్తే టైరు విప్పే తీసుకెళ్లండి. సీలు ఉండగా నిపుళ్లు తిప్పితే ఓ-రింగు మెలిపడి తెగుతుంది, టేపు కింద అతుకు ఊడుతుంది. ఒక్కసారికి పావు చుట్టుకు మించి తిప్పకుండా, ఎదురెదురు చువ్వలు చూసుకుంటూ, చివర్లో బిగింపు బలం కొలిచే స్పోక్ టార్క్ రెంచితో సరిచూడాలి. మాన్యువల్‌లో అంకె ఉంటే అదే. మోటారు సైకిళ్లకు సాధారణంగా 3 నుంచి 6 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. తుప్పుపట్టి తిరగని నిపుల్ టార్క్ ఎక్కువ చూపిస్తుంది కానీ చువ్వ వదులుగానే ఉంటుంది. కాబట్టి రెంచి మాట ఒక్కటే నమ్మకుండా చెవితో కూడా సరిచూడండి. తలలు గుండ్రపడ్డ నిపుళ్లు, మెడ దగ్గర గీత పడ్డ చువ్వలు ఇప్పుడే మార్చేయాలి, సీలు వేశాక కాదు.

కొత్త చువ్వలు వేసినా, చాలా చువ్వలు తిప్పినా అవి సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. వెంటనే సీలు చేయకుండా నిపుళ్ల మీద రిమ్ము టేపు చుట్టి, ఆ సైజు ట్యూబు వేసి 200–300 కిలోమీటర్లు తిప్పండి. మళ్లీ విప్పి తట్టి చూసి సరిచేశాక సీలు. రెండుసార్లు టైరు విప్పడం విసుగే, కానీ నెల తర్వాత మూడోసారి విప్పడం కంటే నయం. ట్యూబు ఈ మధ్యకాలానికి మాత్రమే. ట్యూబ్‌లెస్ టైరు లోపలి గీతలు దాన్ని రాస్తాయి, వేసేముందు టాల్కం పౌడరు చల్లండి. పంక్చరైతే ట్యూబు గాలి ఒక్కసారిగా వదులుతుందని గుర్తుంచుకుని వేగం తగ్గించి నడపండి.

లోపలి సీలు

మీ రిమ్ముకు కంపెనీ రబ్బరు పట్టీ ఉంటే కొత్తది తెప్పించి వేయడమే అన్నిటికంటే మంచి దారి, ఇక్కడితో ఆగొచ్చు. ఓ-రింగులు మాత్రమే ఉన్న రకమైతే ఒక్కో నిపుల్ విప్పి రింగు మార్చి, సిలికాన్ గ్రీజు సన్నగా రాసి వేయాలి. మామూలు బేరింగు గ్రీజు వద్దు. రింగు ఈపీడీఎం రబ్బరుదైతే పెట్రోలియం నూనెకు ఉబ్బి పాడవుతుంది. మర సందుల కోసం మాత్రం గాడిని కప్పక తప్పదు.

ఒక్క నిపుల్ మరలోంచి మాత్రమే గాలి పోతుంటే, బిగించి ఉన్న మరలోకి దానంతట అదే పాకే పల్చటి ఆకుపచ్చ లాక్‌టైట్ 290 రకం ద్రవం ఒక చుక్క వేస్తారు. ఆగుతుంది. కానీ ఆ నిపుల్ ఇక ముందు తేలిగ్గా తిరగదు, బెండు తీసేటప్పుడు చువ్వ మెలిపడుతుంది. ఒకటి రెండింటికి మించి ఈ పని చేయొద్దు.

గాడి కప్పే పద్ధతికి కావలసినవి: పాలీయురెథేన్ సీలెంట్ గొట్టం ఒకటి (3ఎం 5200 లాంటిది), మందంగా ఉండే యాక్రిలిక్ జిగురు సీలింగు టేపు (3ఎం 4411ఎన్ ఒక మి.మీ. మందం, 4412ఎన్ రెండు మి.మీ.), ఆల్కహాల్, పీచు రాలని బట్టలు, చిన్న రోలరు. టేపు గాడి అడుగు వెడల్పుకే ఉండాలి. బీడ్ మెట్టు ఎక్కితే టేపే లీకవుతుంది. పొడవు దారంతో కొలవండి. 17 అంగుళాలకు సుమారు 1.3 మీటర్లు, 21కి 1.6 మీటర్లు, పైన ఒకదాని మీద ఒకటి వచ్చేందుకు అయిదు సెంటీమీటర్లు. ఇరుకైన ముందు రిమ్ములకు ఒక మి.మీ. టేపే బాగా ఒదుగుతుంది, రెండు మి.మీ.ది వంపుల్లో లేస్తుంది.

ముందు శుభ్రం చేయాలి. పని సగం ఇదే. మీరు పోయించిన సీలెంట్ నీళ్లతో కలిసే రకమైతే సబ్బు నీళ్లతో పోతుంది, లేటెక్స్ రకమైతే పొరలుగా గోకి తీయాలి. పాత సిలికాన్ ఏ కాస్త ఉన్నా దాని మీద ఏదీ అంటదు, సిలికాన్ మీద సిలికాన్ కూడా సరిగా అంటదు. వెనిగర్ వాసన వేసే బాత్రూం సిలికాన్ ఎవరైనా పూసి ఉంటే నిపుళ్లు పచ్చగా, అల్యూమినియం తెల్లగా మారిందేమో చూడండి. ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లం లోహాన్ని తింటుంది. ఆ సిలికాన్ వాడొద్దని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. స్క్రబ్బరుతో గాడి తోమి, ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి, వేరే కొత్త బట్టతో మళ్లీ తుడవండి. ఆ తర్వాత వట్టి వేలు తగలకూడదు. నిపుల్ తల దాటి బయటికి వచ్చిన చువ్వ కొసలను ఆకురాయితో నిపుల్ మట్టానికి అరగదీయండి, లేకపోతే టైరు ఎక్కించేటప్పుడు టేపును చీల్చేస్తాయి. పొడి మళ్లీ తుడవాలి.

ఒక్కో నిపుల్ మీద బఠాణీ గింజంత సీలెంట్ పెట్టి, తల గాడిలోకి వేలి తొడుగుతో నొక్కి, చుట్టూ అయిదారు మి.మీ. దాకా పరచండి. మందం రెండు మి.మీ. దాటక్కర్లేదు. 36 నిపుళ్లకు 30–40 మి.లీ. చాలు. గొట్టమంతా పోసి గాడి నింపితే లోపలి భాగం ఆరదు, బరువు పెరుగుతుంది, రేపు చువ్వ మార్చాలంటే ఉలితో చెక్కాల్సి వస్తుంది. రిమ్ము అతుకు మీద కూడా గాడి అడ్డంగా ఒక పొర లాగండి. ట్యూబు రిమ్ముల అతుకు చాలాసార్లు పిన్నుతో కలిపిందే, గాలి ఆపేలా వెల్డు చేసింది కాదు. అతుకు దగ్గర బీడ్ మెట్టులో చిన్న మెట్టుతేడా తగిలితే సన్నని ఎమెరీతో నునుపు చేయండి.

ఆరడానికి తొందరపడితే మొత్తం పోతుంది. పాలీయురెథేన్ గాలిలో తేమతో గట్టిపడుతుంది, వేడితో కాదు. 5200 మామూలు రకానికి అయిదు నుంచి ఏడు రోజులు కావాలి. ఎండాకాలం వేడిగాలి ఉంది కదా ఒక్క రోజులో ఆరిపోతుందని మేలో కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఆశపడొద్దు. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇంకా ఆలస్యమవుతుంది. అదే పని వానాకాలంలో విశాఖలో త్వరగా అవుతుంది. పొడి రోజుల్లో చక్రం పక్కన తడిబట్ట ఆరేస్తే తేడా ఉంటుంది, అయితే చక్రం మీద నీళ్లు పడకూడదు. గోరుతో నొక్కితే గుంట నిలవకూడదు, అప్పుడే టేపు.

టేపును వాల్వుకు ఎదురువైపు మొదలుపెట్టి, సాగదీయకుండా, గాడి నడుమ నుంచి పక్కలకు నొక్కుతూ అంటించాలి. సాగదీసి అంటించింది రెండు రోజుల్లో వెనక్కి ముడుచుకుంటుంది. కొసల అతుకు వాల్వుకు ఎదురుగా వస్తే వాల్వు బరువుకు కాస్త సర్దుబాటు అవుతుంది. ఆ రెండు పొరల చోటు బరువు రెండు మూడు గ్రాములే, దానికోసం కంగారు పడక్కర్లేదు. రోలరుతో గట్టిగా, ప్రతి నిపుల్ మీదా రెండుసార్లు. వాల్వు దగ్గర టేపును వాషర్ సైజుకు గుండ్రంగా కోసేయండి. వాషర్ నేరుగా లోహం మీదే కూర్చోవాలి, మెత్తటి టేపు మీద నట్టు బిగిస్తే టేపు మెల్లగా జరిగి నెలలో వాల్వు వదులవుతుంది. చుట్టూ మిగిలిన సందులో సీలెంట్ నింపండి. యాక్రిలిక్ జిగురు పూర్తి పట్టుకు 72 గంటలు.

టైరు ఎక్కించడం

ఇంత కష్టపడ్డ పనిని పంక్చర్ షాపులో అయిదు నిమిషాల్లో పాడుచేయొచ్చు. టైరు ఎక్కాలంటే బీడ్ గాడిలోకి దిగాలి, టేపు ఉన్నది సరిగ్గా అక్కడే. లివర్ కొస లోతుగా దూరిస్తే టేపు చిరుగుతుంది. కాబట్టి దగ్గరుండి చేయించుకోండి. సబ్బు నీళ్లు ధారాళంగా, లివర్ కొస రిమ్ము అంచు దాటి ఒక వేలి మందానికి మించి లోపలికి పోకుండా, వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. బీడ్ కూర్చోవడానికి 40 పీఎస్‌ఐ దాటొద్దు. కూర్చోకపోతే గాలి వదిలేసి, మళ్లీ సబ్బు రాసి, మళ్లీ కొట్టాలి. టైరు పక్కన రిమ్ముకు సమాంతరంగా ఉండే సన్నగీత చుట్టూ ఒకే దూరంలో కనపడితే సరిగా కూర్చున్నట్టు.

వెంటనే టబ్బులో చూడండి. తర్వాత చక్రాన్ని నీడలో 24 గంటలు ఉంచి, అదే గేజుతో, అదే పొద్దుటి వేళ చూడండి. ఒక పీఎస్‌ఐ లోపు తేడా ఉంటే బండికి ఎక్కించొచ్చు. తేడా ఎక్కువైతే మొదట వాల్వు, బీడ్ చూడండి. కొత్తగా వేసిన టేపును అనుమానించడం ఆఖరున. వెనక డిస్కు మీద సబ్బు జిడ్డు ఉంటే బ్రేకు క్లీనరుతో తుడిచే బిగించండి.

రిమ్ము మార్చాల్సిందెప్పుడు

చువ్వ కన్నం చుట్టూ వెంట్రుకంత పగులు కనపడినా ఏ సీలూ వద్దు, రిమ్ము తీసేయాలి. ఒక కన్నం దగ్గర పగిలిందంటే పక్క కన్నాలూ అదే అలసటలో ఉంటాయి. మురికి పూర్తిగా తోమాక, మంచి వెలుతురులో ప్రతి కన్నం చూడాలి, కడగకముందు చూస్తే జిడ్డు గీతలూ పగుళ్లూ ఒకేలా ఉంటాయి. వెల్డు అతుకు మీద పగులు, బీడ్ మెట్టు లోపలిదాకా దిగిన సొట్ట, తోమితే గుంటలు పడ్డ తుప్పు, వీటికీ అదే తీర్పు. క్రాస్-స్పోక్ రిమ్ములో అయితే చువ్వ తగులుకున్న అంచు చుట్టూ ఇంకా జాగ్రత్తగా చూడాలి.

2024లో రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్లు హిమాలయన్ 450కి, గోవన్ క్లాసిక్ 350కి ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు వచ్చాయి కాబట్టి మన పంక్చర్ షాపులకూ ఈ చక్రాలు కొత్తేమీ కాదు. అయినా ట్రెడ్‌కు వేసే ప్లగ్గు పనితనం వేరు, రిమ్ము లీకు వెతికే ఓపిక వేరు. ఆ ఓపిక మీరే తెచ్చుకోవాలి.

సీలు వేశాక మొదటి 500 కిలోమీటర్లకు చువ్వలు తట్టి చూడండి, తర్వాత ప్రతి సర్వీసుకూ. ఒకటి రెండు మెత్తగా మోగితే ఎనిమిదో వంతు చుట్టు తిప్పితే టేపు తట్టుకుంటుంది. అంతకు మించి తిప్పాల్సి వస్తే ఆ నిపుల్ మీద సబ్బు నీళ్లు పెట్టి చూసుకోండి.